పదో తేదీ రాత్రి రెండు గంటలు

పెద్దమ్మ పొద్దున్నే ఫోన్ చేసిందంటే మంచి కబురు కాదు. ఆమెకు ఫోనంటేనే గిట్టదు, చెవి వేడెక్కుతుందంటుంది. ఆ గురువారం బళ్లారి బ్రూస్‌పేటలో మా మిద్దె మీది గదిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెరుస్తున్నాను. ఫోన్ మోగింది.

"పాపా, మీ పెదనాయన నిన్నట్నించి అన్నం ముట్టలేదు."

"ఏమైంది? జ్వరమా?"

"జ్వరమైతే మాత్రేసుకుంటాడు. నీళ్లు దొంగతనం చేసినాడంట. సంఘంలో కూకోబెట్టి అడిగినారు. అందరి ముందర నీళ్ల దొంగన్న్యారు పాపా."

నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది గానీ నిజంగానే నవ్వాను. మా పెదనాన్నని దొంగ అనడం నా జన్మలో వినలేదు మరి. అవతల పెద్దమ్మ ముక్కు చీదిన చప్పుడు విన్నాక నవ్వడం మానేశాను.

మా పెదనాన్నకు తెక్కలకోట దగ్గర కాలువ చివర నాలుగెకరాల వరి మడి ఉంది. కాలువ చివర మడి ఉన్నవాడి బతుకు ఎలాంటిదో అక్కడివాళ్లకే తెలుసు. పైవాళ్లంతా తడుపుకున్నాక మిగిలిందే కిందికొస్తుంది. అందుకని ఎవరు ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంటదాకా నీళ్లు పెట్టుకోవాలో రైతుల సంఘం జాబితా వేస్తుంది. ఆ వంతును అక్కడ అందరూ పాళి అంటారు. అది కన్నడమా తెలుగా అని ఎవరూ పట్టించుకోరు. పాళి పోతే మళ్లీ పన్నెండు రోజులదాకా చుక్క రాదు. ఇంకొకరి పాళిలో నీళ్లు మళ్లించుకున్నవాడు తన పాళి పోగొట్టుకుంటాడు, అది నష్టపోయినవాడికి వెళ్తుంది. ఇది ఎక్కడా రాసిపెట్టింది కాదు. అయినా ఊళ్లో గుడి తాళంచెవికున్నంత మర్యాద ఆ కట్టుబాటుకుంది.

ముందువాడి పాళి ఇంకా ఐదు నిమిషాలుందనుకోండి, మా పెదనాన్న చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. చిన్నప్పుడొకసారి నేను పక్కనే ఉండి, "ఇప్పుడే తూము తలుపెత్తొచ్చు గదా, ఇక్కడెవరూ లేరు" అన్నాను. "మనమున్నాం గదా పాపా" అన్నాడు. ఆయన్నిప్పుడు దొంగ అన్నారు.

"ఆయనేమన్నాడు? నేను చేయలేదని చెప్పలేదా?" అని పెద్దమ్మనడిగాను.

"తప్పైందన్న్యాడంట. అంతే. ఇంగొక మాట లేదు. దొంగకు తేలు కుట్టినట్ల గమ్మునుండాడని ఊరంతా అంటాండారు."

"అసలు ఏం జరిగింది?"

"మంగళవారం రాత్రి ఒంటిగంటకు ఫోను వచ్చింది గదా, నీ ఫోను. పార తీస్కోని పోయినాడు. ఆడ ఏం జరిగిందో నాకేం తెలుసు పాపా? తెల్లారేసరికి గొడవ."

నీ ఫోను. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది, అబద్ధమేం కాదు. నా ఫోనైతే తప్పు పోదు. ఒంటిగంటకు మోగిందంటే రెండు గంటలకు పాళి ఉన్నట్టే. అంటే సంఘం వాళ్లే జాబితా తారుమారు చేసి, నోరులేని మనిషి దొరికాడని ఆయన మీదికి తోశారు. అలా తీర్మానించుకుని, కంప్యూటర్ సంచిలో వేసుకుని, ఆటో ఎక్కి బస్టాండుకు పోయాను. కాఫీ తాగనేలేదు.

ఆ ఫోను సంగతి చెప్పాలి. నేను ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీ ఒకదానికి పనిచేస్తాను. నా పని తేదీలతో. నాలుగు దిక్కుల నుంచీ కాగితాలొస్తాయి. ఒకరు ముందు రోజు రాస్తారు, ఒకరు ముందు నెల రాస్తారు, ఇంకొకరు సంవత్సరంతో మొదలుపెడతారు. మనిషి రాసిన ఆ అక్షరాల్ని విడదీసి, ఇది రోజు, ఇది నెల, ఇది గంట అని యంత్రానికి చెప్పాలి. దాన్ని పార్సింగ్ అంటారు. బియ్యంలో రాళ్లేరినంత విసుగు పని. పదేళ్లు చేశాక మాత్రం నా అంత రాళ్లేరేవాళ్లు లేరన్న పొగరొస్తుంది. నాకొచ్చింది.

మూడు నెలల కింద పెదనాన్న ఊరికెళ్లినప్పుడు సంఘం గుమాస్తాను చూశాను. పెద్దాయన, బడిపంతులుగా చేసి రిటైరైనాయన. పాళి జాబితా నల్లబల్ల మీద సుద్దతో రాసి, దాన్నే మళ్లీ కంప్యూటర్లో కొట్టి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుతున్నాడు. గొంతు పోయింది పాపం. "ఇంత కష్టమెందుకు సార్, నేను చేసిస్తా" అన్నాను. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను.

ఆయన రాసే తీరు ఒకటే: పైన ఒకసారి నెల, కింద వరసగా తేదీ, వారం, పొద్దో రాత్రో, గంట. "10 బుధ రా 2-00." దాన్ని విడదీయడం ఎంతసేపనుకున్నాను. మొదటిరోజు నెలకు రాయాల్సిన పెద్ద ఎం బదులు చిన్న ఎం రాశాను. చిన్నది నిమిషాలకు గుర్తు. నెలలన్నీ పోయి నిమిషాల్లో పడ్డాయి, ఊరందరి పాళీ జనవరిలోకి వెళ్లింది. నవ్వుకుని దిద్దాను. తర్వాత, గుమాస్తా పొరపాటున ముప్పై రోజుల నెలకు ముప్పై ఒకటో తేదీ రాస్తే నా ప్రోగ్రాం కాదనకుండా వచ్చే నెల ఒకటిగా మార్చేసుకుంది. మొహమాటపు కోడలిలా ఏది చెప్పినా సరేనంటోంది. దాన్నీ కట్టడి చేశాను. తేదీకీ వారానికీ పొత్తు కుదరకపోతే ఎర్రగా చూపించేలా పెట్టాను. రాత్రి పది అంటే ఇరవై రెండు గంటలు, రాత్రి రెండు అంటే రెండే అని నియమం రాశాను. ఆ నియమం రాసినరోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదట్లో ఉత్త మెసేజీలే వెళ్లేవి, గుమాస్తా రాసింది రాసినట్టుగా. పెదనాన్నకు చిన్నక్షరాలు కనబడవు. ఆయన కోసమే పాళికి గంట ముందు ఫోన్ మోగి, "మీ పాళి ఇంకొక గంటలో మొదలవుతుంది" అని చెప్పేలా చేశాను. గొంతు కూడా నాదే. అది మొదలైన తొలి చుట్టులోనే ఈ గొడవ.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా జగడం తయారుచేసుకున్నాను. వాళ్లు ఇలా అంటే నేనిలా అంటాను, చివరికి క్షమాపణ అడిగిస్తాను అని. తెక్కలకోటలో దిగి నేరుగా పెదనాన్న ఇంటికి పోయాను. ఆయన వసారాలో పార పిడికి నూనె రాస్తున్నాడు. నన్ను చూసి నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"యాలొచ్చినావు పాపా? పనిదినం గదా?"

"పద పెదనాన్నా, సంఘానికి పోదాం. వాళ్లనడగాలి."

"వద్దు పాపా. అయిపోయింది గదా. గమ్మునుండు."

"నువ్వు గమ్మునున్నందుకే ఇదంతా" అని అరిచాను. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి ఆయన్ని చూసింది. ఇద్దరి మధ్యా ఏదో నడిచింది. అదేంటో నాకర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా అప్పుడు నాకు లేదు. ఆయన తువాలు భుజాన వేసుకుని నా వెనకే వచ్చాడు.

సంఘం అంటే ఒక గది, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు నల్లబల్ల. దాని మీద పాళి జాబితా. పెదనాన్న పేరు మీద అడ్డంగా సుద్దగీత. ఆ గీత చూడగానే నాకు ఒళ్లు మండింది. గదిలో ముగ్గురున్నారు: గుమాస్తా, సంఘం అధ్యక్షుడు, పక్క మడి ఆయన. పెదనాన్న తన నీళ్లు మళ్లించుకున్నాడని ఫిర్యాదు చేసింది ఈ పక్క మడి ఆయనే. పెదనాన్న లోపలికి రాలేదు. గడప దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ముందు ఫిర్యాదేంటో చెప్పమన్నాను.

"నేనేం అబద్ధం చెప్పలేదమ్మా" అన్నాడు పక్క మడి ఆయన. "మంగళవారం రాత్రి పన్నెండు నుంచి నాలుగుదాంక నా పాళి. నీళ్లు పెట్టుకోని గట్టు మీద కునుకు తీస్తాండా. చప్పుడు తగ్గిందని లేచి చూస్తే నా తలుపు మూసిండాది, ఈయప్ప తలుపు ఎత్తిండాది. నన్ను లేపకుండా నా తలుపు మూసినాడు. వేరేవాడైతే కొట్టుకుంటుంటిమి. ఈయప్ప గాబట్టి సంఘానికొచ్చినా."

"మా పెదనాన్న పాళి రెండు గంటలకు. మీరే జాబితాలో ఇద్దరికీ ఒకే సమయం వేసుంటారు" అని కంప్యూటర్ తెరిచి గుమాస్తా వైపు తిప్పాను. "చూడండి సార్, మీరు రాసిందే. పదో తేదీ, బుధవారం, రాత్రి రెండు. తేదీకి వారం సరిపోయింది. ఒంటిగంటకు ఫోన్ వెళ్లింది, ఆయన ఎత్తాడు. అంతా ఇక్కడుంది."

గుమాస్తా కళ్లజోడు సర్దుకుని తెర చూశాడు, బల్ల చూశాడు. "పదో తారీకు రాత్రి రెండు. నేను రాసింది సరిగ్గానే ఉండాదమ్మా."

"మరి!"

"మరి తొమ్మిదో తారీకు రాత్రి ఫోను యాల చేసినావు?"

"తొమ్మిది కాదు సార్. పన్నెండు దాటాక ఒంటిగంటంటే పదో తేదీ. బుధవారం."

ముగ్గురూ నా వైపు చూశారు. కోపంగా కాదు, నాకేమైనా అయిందేమో అన్నట్టు. అధ్యక్షుడు నిదానంగా అన్నాడు, "మంగళవారం రాత్రి పండుకొని ఇంగా లేయనే లేదు, బుధవారం యాడ్నుంచి వస్తాదమ్మా? తెల్లారల్ల గదా?"

"రాత్రి పన్నెండుకు తేదీ మారుతుంది కదా. ప్రపంచమంతా అంతే!"

"ప్రపంచానికి మా కాలువ నీళ్లు పోవు గదమ్మా" అన్నాడు గుమాస్తా. ఎగతాళి కాదు, పిల్లకు లెక్క చెప్పినట్టే చెప్పాడు. "బుధవారం రాత్రి రెండంటే, బుధవారం పొద్దుగూకి, ముద్ద తిని, పండుకొని, లేచి పోయే రెండు. పొద్దు పుట్టేదాంక అది బుధవారమే. మా నాయన కాలం నుంచి ఇట్లనే రాస్తాండాం. నువ్వడిగింటే చెప్తుంటి."

తెర మీద అక్షరాలు అలాగే ఉన్నాయి, ఒక్కటీ తప్పు లేదు. పది, బుధ, రా, రెండు. ఒక రాత్రంతా తేడా. ఆయన బుధవారం రాత్రి అని రాసింది నేను మంగళవారం రాత్రిగా మార్చి ఊరికి పంపాను. ఎర్రగా చూపించాల్సిన నా ప్రోగ్రాం పచ్చగా వెలుగుతోంది.

పక్క మడి ఆయన ఉన్నట్టుండి తొడ మీద చరుచుకున్నాడు. "అబ్బబ్బ! అందుకనా? నాకూ సోమవారం రాత్రి పదకొండుకే వచ్చిండె ఫోను. ఒక దినం ముందే మొత్తుకుంటాండాది, మిషనుకు తిక్క పట్టిండాదని పెట్టేసి పండుకున్న్యా. నా పాళి నాకు తెలీదా ఏంది?"

అంటే అదే తప్పు, అదే గొంతు, ఇద్దరికీ వెళ్లింది. ఒకాయన నమ్మక నిద్రపోయాడు, ఆయనకేమీ కాలేదు. ఇంకొకాయన నమ్మి పార పట్టుకుని బయల్దేరాడు.

గుమాస్తా ఇంకా ఏదో ఆలోచిస్తున్నాడు. "అది సరే. ఈయప్పకు ఫోను వచ్చిందన్న సంగతే మాకు తెలీదే! నిన్న అంతసేపు అడిగితిమి, ఒక్క మాట చెప్పలేదే!"

అప్పుడు నేను తిరిగి చూశాను. పెదనాన్న మెట్టు మీద అటు తిరిగి కూర్చుని తువాలు కొసను మడతలు పెడుతున్నాడు. విప్పుతున్నాడు, మళ్లీ పెడుతున్నాడు.

"ఏమప్పా, ఫోను వస్తేనే పోయినావా?" అని అధ్యక్షుడు లేచి గడప దగ్గరికెళ్లాడు.

"నా లెక్కకు గూడా రేపనే ఉండె" అన్నాడు పెదనాన్న, ఎవరి ముఖమూ చూడకుండా. "పాప చెప్పిన ఫోను గదా. సంఘమోళ్లు పాళి మార్చింటారు, పాపకు తెలిసింటాది అనుకొన్న్యా. పోతే ఈయప్ప తలుపు తెరిచే ఉండాది, మనిషి నిద్దరపోతాండాడు. పాళి అయిపోయింది, మూసేది మర్చిపోయినాడని నేనే మూసినా."

"నన్ను లేపి అడగొచ్చు గదప్పా!" అన్నాడు పక్క మడి ఆయన.

"అలిసి పండుకున్న్యావు. నిద్దరపోయేటోణ్ని ఎందుకు లేపల్లని."

అధ్యక్షుడే మళ్లీ అడిగాడు. "ఈ మాట నిన్న చెప్పింటే అయిపోతాండె గదప్పా. చెయ్యని తప్పు యాల ఒప్పుకుంటివి?"

పెదనాన్న తువాలు మడతలు విప్పేసి ఒళ్లో పరుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "చెప్తే పాప చేసిందాన్ని తప్పంటారు. ఆ ఫోను ఊర్లోకొచ్చి నెల గూడా కాలేదు. అంత చదువుకొన్న పిల్ల, నలుగురూ నవ్వుతారు. నేనంటే ఈడ పుట్టినోణ్ని. నాల్గు దినాలంటారు, మర్చిపోతారు."

నేను చాలా తప్పులు చేశాను, చాలా తిట్లు తిన్నాను. కంపెనీలో ఒకసారి నా తప్పువల్ల వందలమంది పని ఆగిపోతే కూడా రాత్రికి హాయిగా పడుకున్నాను. ఆ రోజు ఆ గదిలో తగిలినట్టు నాకెప్పుడూ తగల్లేదు. ఈ మనిషి నా గొంతు విన్నాడు, తన లెక్కను పక్కనపెట్టి నా లెక్క నమ్మాడు, నా లెక్క తప్పని తెలిశాక దాన్ని కప్పడానికి దొంగ అనిపించుకున్నాడు. నేనేమో ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ఆయన దాచిందాన్ని బల్ల మీద పరిచాను. ఇంటి దగ్గర వద్దు పాపా అన్నది ఇందుకే. పెద్దమ్మ చూసిన చూపు ఇందుకే.

"తప్పు నాది" అన్నాను. వినబడలేదేమోనని మళ్లీ అన్నాను. "ఆయన్ని కాదు, నన్ననండి. ఊళ్లో అందరికీ చెప్పండి, ఆ పాపకు రాత్రంటే ఏందో తెలీదని." ఏడుపొచ్చింది. ముగ్గురు మగవాళ్ల ముందు ముక్కు కారుతూ ఏడ్చాను. గుమాస్తా కుండలోంచి చెంబుతో నీళ్లిచ్చాడు.

నీళ్లు మాత్రం వెనక్కి రావు. పెదనాన్న అసలు పాళి బుధవారం రాత్రి. కట్టుబాటు ప్రకారం అది పక్క మడి ఆయనకెళ్లింది, అప్పటికే పారి ఇంకిపోయింది. వరి పొట్ట మీదుంది. పన్నెండు రోజులు ఆగే పంట కాదు. పక్క మడి ఆయన తల గోక్కుని, కాసేపు బయటికెళ్లి బీడీ తాగి వచ్చాడు. "ఆదివారం పగలు పైమడికి నాకు ఇంగొక పాళి ఉండాది. అది ఈయప్పకియ్యండి. నిన్న నాకు వచ్చింది ఈయప్పదే గదా" అన్నాడు. పెదనాన్న వద్దనబోతే, "నువ్వు నోరెత్తద్దప్పా, ఎత్తాల్సినప్పుడు ఎత్తకనే ఇంత అయింది" అని కసిరాడు. గుమాస్తా తడిగుడ్డతో బల్ల మీది గీత తుడిచి పేరు మళ్లీ రాశాడు. ఆ సాయంత్రం అధ్యక్షుడే టీ అంగడి దగ్గర నిలబడి నలుగురికీ జరిగింది చెప్పాడని తర్వాత విన్నాను.

బళ్లారి బస్సెక్కాక నాకింకొకటి గుర్తొచ్చింది. దాంతో సగం దారి నోరు తెరుచుకునే కూర్చున్నాను. నేను పుట్టింది తెల్లవారుజాము మూడు గంటలకు. ఆసుపత్రి కాగితంలో శుక్రవారం తేదీ ఉంది. మా అవ్వ మాత్రం చనిపోయేదాకా నన్ను గురువారప్పిల్ల అనే అంది. ఏటా మా అమ్మ కాగితంలో ఉన్నదానికి ఒకరోజు ముందే పాయసం వండుతుంది. ఏటా నేను "మీకు లెక్కలు రావు" అని విసుక్కుని ఆ పాయసమే తింటాను. ఆ ముసలావిడ లెక్కా, గుమాస్తా లెక్కా ఒకటే. నా పుట్టుకలోనే ఉంది ఆ లెక్క. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఊరందరి తేదీలూ దిద్దే నేను నా తేదీ దగ్గరే పడ్డాను.

ఇంకా నమ్మకం కుదరక, మర్నాడు పొద్దున కప్పగల్లు నుంచి పాలు తెచ్చే ఆయన్నడిగాను. "ఒకటి చెప్పప్పా. మంగళవారం నువ్వు పండుకున్నాక రాత్రి రెండింటికి నీ బర్రె ఈనింది. ఏ వారం ఈనినట్టు?"

"మంగళవారం" అన్నాడు, పాలు పోస్తూనే.

"పన్నెండు దాటింది కదా?"

"దాటితే? తెల్లారలేదు గదక్కా" అన్నాడు. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసి, లీటరుకు పైన ఇంత కొసరు పోసి పోయాడు. నా మీద జాలికి పోశాడేమో తెలియదు.

ఆ రోజే గుమాస్తాకు ఫోన్ చేసి, మూడు నెలల కింద అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాను. రాత్రి అని ఎప్పటిదాకా రాస్తారు, తెల్లవారుజాము అని ఎప్పుడు మొదలుపెడతారు, అది ఏ రోజులోకి వస్తుంది, చలికాలం పొద్దు ఆలస్యమైతే ఏం చేస్తారు. ఆయన ప్రతిదానికీ తడుముకోకుండా చెప్పాడు. చివర్న, "ఇన్ని సంగతులు నాకు తెలుసని నాకే తెలీదమ్మా" అని నవ్వాడు. నేను కలపాల్సింది ఒక్క వరస. రాత్రి అని ఉండి, గంట పన్నెండు నుంచి ఐదు లోపలుంటే, తేదీకి ఒకరోజు కలుపు. కలిపాను. అర నిమిషం పట్టింది.

పంట కోసినప్పుడు వెళ్లాను. ఆదివారం నీళ్లతో మూడున్నర ఎకరాలు గట్టెక్కాయి. నీళ్లెక్కని మూల మాత్రం తాలు పోయింది. దాని గురించి పెదనాన్న నాతో ఒక్క మాట అనలేదు, నాకు పెరుగన్నం పెట్టించి, కంపెనీలో పని ఎట్లుందని అడిగాడు. కుప్పల దగ్గర పక్క మడి ఆయన కనబడ్డాడు.

"ఇప్పుడు ఫోన్ సరిగ్గా వస్తోందా అప్పా?" అనడిగాను.

"నిమిషం తప్పదమ్మా. నేను గూడా ఇప్పుడు నమ్ముతాండా." ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీ పెదనాయనకే ఒగ అలవాటైపోయిండాది. ఫోను వస్తానే వస్తాడు. వచ్చి తూము కాడ నిలబడతాడు, తలుపు ముట్టడు. నేనో, ఇంగెవురో కండ్లబడేదాంక నిలబడి, 'ఇది నా పాళినే గదప్పా?' అని అడుగుతాడు. అవునప్పా అంటేనే ఎత్తుతాడు. ఆఖరి పాళికి ఎవురూ లేకుంటే మా ఇంటిదాంక నడిచొచ్చి అడిగిపోయినాడు. ఆడ నీళ్లు వేస్టుగా పోతాండాయి."

సాయంత్రం గట్టు మీద ఆయన పక్కన కూర్చుని చెప్పాను. పెదనాన్నా, ఇప్పుడు తప్పు రాదు, నీ లెక్కా నా లెక్కా ఒకటే, ఇంక ఎవరినీ అడగక్కర్లేదు అని. ఆయన చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్లీ కట్టుకున్నాడు.

"నాకు తెలుసు పాపా" అన్నాడు. "అయినా అడుగుతా."